రికార్డింగ్ ఉన్న రోజు అరవకూడదు

రికార్డింగ్ ఉన్న రోజు పొద్దున్న ఆ ఇంట్లో తల్లి నోరు విప్పదు. పదిహేడేళ్ళుగా అదే అలవాటు. లేవగానే ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంది, మెడకి మెత్తటి బట్ట చుట్టుకుంటుంది, పన్నెండింటికి స్టూడియోలో మైకు ముందు నిలబడేదాకా ఒక్క మాట మాట్లాడదు. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తుంది. ఎందుకంటే ఆవిడ గొంతే ఆవిడ ఉద్యోగం. వేరే భాషలో తీసిన సీరియళ్ళకి డబ్బింగ్ చెబుతుంది. ఆరొందల ఎపిసోడ్లుగా ఒకే సీరియల్లో ఒకే హీరోయిన్ తరఫున ఏడుస్తోంది.

ఆ ఏడుపంటే జనం పడి చచ్చిపోతారు. మందుల షాపులో ఆవిడ మాత్రల పేరు చెబితే చాలు, పక్కనున్న ఆడవాళ్ళు గిరుక్కున తిరిగి, "మీరేనా అండీ!" అని చెయ్యి పట్టుకుంటారు. కథేమో ఇంతే. చిన్నప్పుడే తల్లి వదిలేసి పోయిన పిల్ల, చిన్నప్పుడు మేనమామ చేతిలో దెబ్బలు తిన్న కుర్రాడు. కోపం వస్తే వాడు మనిషి కాదు. ఆ పిల్లని వానలోకి గెంటుతాడు, గదిలో పెట్టి తాళం వేస్తాడు, తర్వాత ఒంటరిగా కూచుని కుళ్ళి కుళ్ళి ఏడుస్తాడు. ఆ పిల్ల వాడి తల ఒళ్ళో పెట్టుకుని నిమురుతుంది. అంతే, చూసేవాళ్ళ కళ్ళమ్మట నీళ్ళు ధారలు. ఏం చోద్యమో!

అందరికన్నా పెద్ద అభిమాని ఇంట్లోనే ఉంది, అమ్మమ్మ. నిన్న చూసిన ఎపిసోడ్‌నే పొద్దున్న మళ్ళీ వేస్తే, కొత్తగా చూస్తున్నట్టు కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుని మరీ చూస్తుంది.

"ఒట్టి కోపిష్టి గానీ వాడి మనసు వెన్నే. చూడు, కళ్ళల్లో నీళ్ళెలా తిరుగుతున్నాయో పాపం," అంది అమ్మమ్మ.

తల్లి పలక మీద రాసి చూపించింది. "గ్లిజరిన్."

"ఛీ, నీ మొహం! నీకు మనసనేదే లేదే."

ఇస్త్రీ చేసుకుంటున్న కూతురు పకపకా నవ్వింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, కళ్ళద్దాల షాపులో పని. తండ్రి గూడ్సు రైలు గార్డు, డ్యూటీకి వెళితే మూడు రోజులకి గానీ ఇల్లు చేరడు. కాబట్టి ఇంట్లో ముగ్గురూ ఆడవాళ్ళే, నోళ్ళు మాత్రం ఆరుగురి పెట్టు. "ఇవాళ సెలవు పెట్టాను, పనుంది," అంటూ కూతురు ఇస్త్రీ చేసిన పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంది.

"ఏం పని?" అని రాసింది తల్లి.

"ఉందిలే అమ్మా. మాట్లాడకూడని రోజు కూడా నీకు ఆరాలేనా?"

బయట ఎండ పేలిపోతోంది. నాలుగు రోజులుగా పొడుగు చేతులేమిటో అడుగుదామని తల్లి పలక తుడిచేలోపే బెల్లు మోగింది.

"మన హీరో వచ్చాడే!" అని అమ్మమ్మ మురిసిపోయింది. వచ్చింది ఫొటోగ్రాఫరు. ఏడాదిగా కూతురికి స్నేహితుడు. పెద్దగా మాట్లాడడు, నవ్వడు, వాకిట్లో నిలబడి నేల చూస్తాడు. అమ్మానాన్నా లేక బాబాయి పంచన పెరిగాడని విన్న రోజు నుంచీ అమ్మమ్మకి వాడంటే ప్రాణం. కూతురు గబగబా బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

తల్లి వంటింట్లో ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకుంటోంది. వంటింటి కిటికీ మెట్ల వైపుకే ఉంటుంది. "నిన్న షాపులో ఎవరితో ఆ నవ్వులు?" అన్న మాట వినపడింది. "కస్టమరే, ఫ్రేము వంకరగా ఉందంటే..." అన్న మాట వినపడింది. ఆ తర్వాత ఒక ఊపిరి వినపడింది.

స్టూడియోలో మాటలు వేరే, రియాక్షన్లు వేరే రికార్డు చేస్తారు. ఉలికిపాట్లు, వెక్కిళ్ళు, నిట్టూర్పులు, అవన్నీ రియాక్షన్లే. చెంపదెబ్బకి ఊపిరి బయటికి పోతుంది. చెయ్యి మెలిపెడితే లోపలికి పోయి అక్కడే ఆగిపోతుంది, పక్క గదిలోవాళ్ళకి వినపడకూడదని. ఆ రెండోది సరిగ్గా ఇవ్వగలిగింది ఈవిడొక్కతేనని సౌండ్ ఇంజనీరు అందరికీ చెబుతుంటాడు. ఎక్కడ నేర్చుకుందో ఆవిడ ఏనాడూ ఎవరికీ చెప్పలేదు.

ఫ్లాస్కు గట్టు మీద నుంచి కింద పడింది. తల్లి వెళ్ళి తలుపు భళ్ళున తీసింది.

"నమస్తే ఆంటీ," అన్నాడు ఫొటోగ్రాఫరు నేల చూస్తూ. "నాలుగింటికి రెడీగా ఉండు," అని కూతురికి చెప్పి మెట్లు దిగుతున్నాడు.

"ఆగరా!"

ఆ రోజు ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అదే. కింది అంతస్తులో రెండు తలుపులు తెరుచుకున్నాయి. వాడు మాత్రం ఆగలేదు. తల్లి కూతుర్ని లోపలికి లాక్కొచ్చి చొక్కా చెయ్యి పైకి తోసింది. మణికట్టు పైన నాలుగు వేళ్ళ గుర్తులు ఎర్రగా లేస్తున్నాయి. వాటి పైన, పాతది, పచ్చబడిపోయిన నీలం.

"ఏమిటిది?"

"తలుపు తగిలింది."

"తలుపుకి నాలుగు వేళ్ళున్నాయా?"

"అమ్మా, అరవకు. నీకు రికార్డింగ్ ఉంది."

"తగలెయ్యి రికార్డింగ్! ఎన్నాళ్ళ నుంచే ఇది? నాలుగింటికి రెడీగా ఉండడమేమిటి?"

కూతురు తల ఎత్తింది. "రిజిస్ట్రారాఫీసుకి వెళుతున్నాం. పెళ్ళి సంతకాలు."

తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకు చెప్పకుండానా? మీ నాన్న ఊళ్ళో లేనప్పుడా?"

"చెబితే ఒప్పుకుంటావా? నీకు అతని చెయ్యొక్కటే కనిపిస్తుంది. నాకు మనిషి కనిపిస్తాడు. ఏడేళ్ళ పిల్లాణ్ణి వాళ్ళ బాబాయి బెల్టుతో బాదేవాడు. వీపు మీద ఇంకా మచ్చలున్నాయి. ఎవరికీ చూపించనివి నాకు చూపించాడు. నా ఒక్కదాని ముందే ఏడ్చాడు. రోజంతా ఈ అక్షరం కనిపిస్తోందా, ఆ అక్షరం కనిపిస్తోందా అని అడిగే మనిషిని నేను. నువ్వు లేకపోతే నాకెవరూ లేరు అని ఇంకెవరంటారు నాతో?"

"దెబ్బలు తిన్నాడు, సరే. అబద్ధమని నేనన్లేదు. ఆ బాబాయి చేతులు విరగ్గొట్టాలి. దానికి నీ చెయ్యి మెలిపెట్టడం దేనికి?"

"ఊరుకోవే, మరీ అంత రాద్ధాంతమా!" అని అమ్మమ్మ కుర్చీలోంచి లేచింది. "కుర్రాడు ప్రేమకి మొహం వాచిపోయి ఉన్నాడు. పెళ్ళయితే వాడే దారికొస్తాడు."

"నువ్వు నోరు ముయ్యి అమ్మా! పొద్దున్న లేస్తే వాడి మనసు వెన్న, వీడి మనసు వెన్న! ఇదంతా విని విని పిల్ల ఇలా తయారైంది."

"అమ్మమ్మనెందుకంటావు?" కూతురు గయ్యిమంది. "నేను విన్నది నిన్ను." తర్వాత గొంతు తగ్గించి, సరిగ్గా తల్లి ఆగే చోటే ఆగుతూ, తల్లి వణికించే మాటే వణికిస్తూ అంది. "నీ గాయాలన్నీ నాకిచ్చెయ్. కొట్టు, తిట్టు... వదిలి మాత్రం పోకు." టీవీలో ఉన్న గొంతే గదిలో పలికినట్టయింది. "పక్క గదిలో నువ్వు ప్రాక్టీసు చేస్తుంటే వింటూ పెరిగానమ్మా. అదంతా అబద్ధమైతే అంత బాగా ఎలా చెప్పావు?"

తల్లికి వచ్చిన కోపం కూతురి మీదో, తన మీదో, ఆ సీరియల్ రాసినవాడి మీదో ఆవిడకే తెలీదు.

"ఎలా చెప్పానా? కాగితం చూసి చెప్పాను! చెప్పులిప్పేసి, ఏసీ చలికి మెడకి గుడ్డ చుట్టుకుని, అద్దం అవతల ఇంజనీరు టీ తాగుతుంటే చెప్పాను! ఆ పిల్ల చేతి మీద నీలం మేకప్పువాడు పూస్తాడే. సాయంత్రం దూదితో తుడిచేస్తాడు. ఏదీ, నీది తుడువు చూస్తాను. తుడవవే! తుడువు!"

రెండో "తుడువు" సగంలో గొంతు పీలగా చీలిపోయింది. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు.

అమ్మమ్మ టీవీ కట్టేసింది. సీరియల్ మధ్యలో ఆవిడ టీవీ కట్టడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.

"మాటలు కాగితంలోవే," అంది అమ్మమ్మ మెల్లగా. "ఆ ఊపిరి మాత్రం కాగితంలోది కాదు. అది నాది. మొదటిరోజే పోల్చుకున్నాను. మీ నాన్న నా చెయ్యి పట్టుకున్నప్పుడు నువ్వు గోడవతల పుస్తకం పెట్టుకుని కూచునేదానివి. నీకు వినపడేది కాదనుకున్నాను. ఎంత జాగ్రత్తగా పీల్చుకునేదాన్నో!"

"వినపడేదమ్మా," అంది తల్లి. మాట బయటికి రాలేదు. పెదవులు కదలడమే కనిపించింది.

అమ్మమ్మ మనవరాలి వైపు తిరిగింది. "నేను ఈ సీరియల్ ఎందుకు చూస్తానో తెలుసుటే? వాడు దాన్ని ఏడిపిస్తుంటే చూడ్డానికి కాదు. ఆఖరికి ఏదో ఒకరోజు దాని కాళ్ళ మీద పడి తప్పయిపోయింది అంటాడని. మీ తాత నలభై రెండేళ్ళలో ఒక్కనాడూ ఆ మాట అన్లేదు. ఆస్పత్రిలో ఆఖరిరోజు నా వైపు చూసి నీళ్ళన్నాడు. తాగించాక ఇంకేదో అంటాడేమోనని ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే నుంచున్నాను. ఆ ఒక్కమాట అనుంటే అన్నీ మర్చిపోయేదాన్ని. సరే, వీడి నోటనైనా విందామని రోజూ కూచుంటాను."

"ఇతను తాతలాంటివాడు కాదు అమ్మమ్మా," అంది కూతురు ఆత్రంగా. "తప్పయిపోయిందంటాడు. కాళ్ళు పట్టుకుంటాడు. ప్రతిసారీ అంటాడు."

"అవునా?" అమ్మమ్మ మొహం వెలిగింది. వెంటనే ఏదో అడ్డుపడినట్టు ఆగింది. "ప్రతిసారీ అంటే? ఎన్నిసార్లన్నాడు?"

వేరే ఉద్దేశం ఏమీ లేదు ఆవిడకి. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. కూతురు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"ఆరుసార్లు."

"అన్నాక మళ్ళీనా?"

కూతురు చొక్కా చేతిని మణికట్టు దాకా లాక్కుంది.

"అదేమిటే? ఒకసారి అంటే అయిపోతుంది కదా? కథలో అక్కడితో అయిపోతుంది కదా?" అమ్మమ్మ తల్లి మొహం, కూతురు మొహం మార్చి మార్చి చూసింది. ముసలావిడ కుర్చీలో కూలబడి, చేతిలో రిమోటు ఎత్తి గోడకేసి కొట్టింది. బ్యాటరీలు దొర్లుకుంటూ మంచం కిందికి పోయాయి. "ఇంతోటి మాట కోసమా నేను నలభై రెండేళ్ళు కాచుకు కూచుంది! ఓరి దరిద్రుడా! నువ్వు అనుంటే మాత్రం ఏం ఒరిగేదిరా!" అని చచ్చిపోయిన మొగుణ్ణి తిడుతూ భోరుమని ఏడ్చింది.

అప్పుడు మోగింది కూతురి ఫోను. ఆగి మళ్ళీ మోగింది. మూడోసారి ఎత్తి స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"తప్పయిపోయింది," అన్నాడు ఫొటోగ్రాఫరు. ఏడుస్తున్నాడు. "నేనొక పిచ్చివెధవని. నువ్వు తప్ప నాకెవరున్నారు? ఇంకెప్పుడూ ముట్టుకోను, ఒట్టు."

తల్లి చెవి పదిహేడేళ్ళు ఏడుపులు విన్న చెవి. అది నటన కాదు, ఆ నొప్పి నిజం, ఆ ఒట్టూ వాడు మనసులోంచే వేస్తున్నాడు. ఆ సంగతి తెలియడంతోనే ఆవిడ ఒళ్ళు ఇంకా మండింది. అరుద్దామంటే గొంతు లేదు. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని కూతుర్నే చూస్తూ నిలబడింది.

"విన్నాను," అంది కూతురు. చొక్కా చేతిని వేళ్ళతో నలుపుతోంది. "ఇది ఏడోది."

"ఏమిటి?"

"నాలుగింటికి నేను రావట్లేదు. నువ్వు ఇక్కడికి రావద్దు."

అవతల ఏడుపు ఆగిపోయింది. ఒక్క క్షణంలోనే వేరే గొంతు లేచింది. "ఎవరు చెప్పమన్నారే నీకు? మీ అమ్మేనా? పక్కనే ఉందా?" కూతురు ఉలిక్కిపడి ఫోను కట్టేసింది. తర్వాత రెండు చేతుల్లో మొహం దాచుకుని, చిన్నపిల్లలా గట్టిగా, ఎవరు విన్నా సరేనన్నట్టు ఏడ్చింది. తల్లి వెళ్ళి ఆ తలని పొట్టకేసి అదుముకుంది.

"మళ్ళీ మెట్లెక్కనీ, వాడి సంగతి చెప్తాను," అంది అమ్మమ్మ ముక్కు చీదుతూ. "పోలీసులకి నేనే ఫోను చేస్తాను. ముందు మీ నాన్నకి చెయ్యవే."

తండ్రి ఫోను అందలేదు, రైల్లో ఉన్నాడు. ఈలోగా తల్లి ఫోను మోగింది. స్టూడియో నుంచి సౌండ్ ఇంజనీరు. కూతురు కళ్ళు తుడుచుకుని ఎత్తింది.

"అమ్మ ఇవాళ రాలేదండీ. గొంతు పోయింది."

"అయ్యో, ఇవాళేనా! హీరోయిన్ తిరిగి వాడింటికెళ్ళే సీనమ్మా ఇవాళ. ఎపిసోడ్ అంతా అమ్మ మీదే ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పోలేదే, ఎలా పోయింది?"

కూతురు తల్లి వైపు చూసింది. "నా మీద అరిచిందండీ," అంది. "రికార్డింగ్ ఉందని తెలిసి కూడా అరిచింది."

తల్లి అప్పటికే పలక అందుకుని బరబరా రాస్తోంది. బలపం రెండు ముక్కలైంది. చిన్న ముక్కతోనే పూర్తి చేసి, పలక కూతురి మొహం ముందు పెట్టింది.

"ఆ హీరోయిన్ని కూడా ఇంట్లోనే ఉండమను."

ఏడుపు మధ్యలో కూతురికి నవ్వొచ్చింది. "రేపు చేస్తుందిట," అని చెప్పి ఫోను పెట్టేసింది. అమ్మమ్మ వంటింట్లోంచి ఉప్పు వేసిన వేడినీళ్ళు తల్లికి తెచ్చి, పూతమందు డబ్బా చంకలో పెట్టుకుని నిలబడింది. కూతురు చొక్కా చేతిని మోచేతి పైదాకా మడిచి, చెయ్యి వాళ్ళిద్దరి ముందు చాపింది.