పీట మీది ఫ్లాపీ

"ఏజెంట్ ట్వంటీ సెవెన్! మారుపేరుతో తిరుగుతున్న మన దినేష్ సంగతి శత్రువుకు తెలిసిపోయింది."

చేతిగడియారంలోంచి చీఫ్ పార్థసారథి గొంతు గరగరమంది. తిమ్మప్ప తాగుతున్న టీ కింద పెట్టాడు. 1999, దసరా మర్నాడు, మధ్యాహ్నం మూడు ఇరవై రెండు. మాదాపూర్ బండరాళ్ల మధ్య కొత్తగా లేచిన భవనంలో నాలుగో అంతస్తు. తలుపు మీద 'నాగలి సాఫ్ట్‌వేర్' అని బోర్డు. లోపల నాగలీ లేదు, వ్యాపారమూ లేదు.

"ఎవరి పని సార్?"

"సర్కిల్ నైన్ ముఠా. నాలుగు గంటలకు ఆ పరాయి ఊరి మసాలా దుకాణంలో దినేష్ అడుగుపెడితే శవమై బయటికొస్తాడు. మూడు యాభై అయిదుకు ఒక్క నిమిషం రిసీవర్ ఆన్ చేస్తాడు. ఆ నిమిషంలో కోడ్ వర్డ్ చేరాలి. 'పెరుగు పులిసింది.' పావురాన్ని వదులు."

పావురం ఒక ప్రోగ్రామ్. సందేశాన్ని రహస్య లిపిలోకి మారుస్తుంది. మార్చినదాన్ని మోడెమ్ ప్రోగ్రామ్ పంపుతుంది. పావురాన్ని రాసినవాడు దినేషే. దాని సోర్స్ కోడ్ ఎక్కడుందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు, కాబట్టి దాన్ని మరెవరూ మార్చలేరు. శిక్షణలో ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. తిమ్మప్పకు తోడబుట్టినవాడు లేని లోటు తీర్చినవాడు దినేష్.

తిమ్మప్ప కమాండ్ కొట్టాడు. తెరమీద ఒకే ఒక్క లైను వచ్చింది: లైబ్రరీ వెర్షన్ సరిపోలేదు.

మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

"అయ్యో, అప్‌గ్రేడ్ వల్లేమోనండీ!" వెనకనుంచి సెంటు వాసన, ఆ వెంటే మౌనిక. పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు, నెల క్రితం హెడ్ ఆఫీసు పంపిన కన్సల్టెంట్. ఆదోని ఆడపడుచునని చెప్పుకుంటుంది. "శుక్రవారమే కొత్త లైబ్రరీ వేశాను. వైటూకే కదా, రెండువేల సంవత్సరానికి సిద్ధం చేయక తప్పదు."

లైబ్రరీ అంటే పెళ్లింటి వంటవాడు. ప్రోగ్రాములన్నీ అతని వంటే తింటాయి. కొత్త వంటవాడు ఎంత మొనగాడైనా, పాత రుచే కావాలని అలిగే ముసలాయన పంక్తిలో ఒకడుంటాడు. ఇక్కడ ఆ ముసలాయన పావురం. పాతది తీసుకొచ్చి పెడదామా అంటే, కొత్త మోడెమ్ ప్రోగ్రామ్ కొత్త వంటవాడు లేనిదే నోరు తెరవదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ముందు పాత లైబ్రరీ దొరకాలి కదా! తిమ్మప్ప బీరువా తెరిచాడు. బ్యాకప్ టేపులన్నీ ఖాళీ. సొరుగులో ఉండాల్సిన రికవరీ ఫ్లాపీ లేదు. మూడు ముప్పై తొమ్మిది. సొరుగులన్నీ నేలమీద బోర్లించాడు. ఏడుపొచ్చింది. ఏజెంట్లు ఏడవకూడదని ఏ రూల్లోనూ రాయలేదు గానీ, టైము లేక ఆపుకున్నాడు.

"ఏందయ్యా గిట్ల పారబోసినవ్? ఇప్పుడే తుడిసిన గదా!" బకెట్టుతో వచ్చిన సాయమ్మ కసురుకుంది. ఫ్లోరు శుభ్రం చేసేది ఆవిడే.

"ఫ్లాపీ పోయిందమ్మా! నల్లది, ఎర్ర చీటీ అంటించినది."

"పోవుడేంది? ఆయుధపూజ నాడు నువ్వే అమ్మవారి పీట మీద పెడితివి. అయ్యగారొచ్చి ఉద్వాసన చెప్పలే. గందుకే నేను ముట్టలే."

తిమ్మప్ప పరుగెత్తాడు. ప్యాంట్రీ మూల, వాడిన బంతిపూల కింద ఫ్లాపీ పడుంది. దానినిండా పసుపూ కుంకుమా. చొక్కా అంచుతో తుడిచి, ఊది, డ్రైవులో దూర్చాడు. గరగర. చదవలేదు. తీసి మళ్లీ ఊదాడు. కుంకుమ కళ్లలో పడింది. "తల్లీ, నీ బొట్టు నాకు పెట్టు గానీ, దీన్ని వదిలేయమ్మా!" రెండోసారి డ్రైవు మెల్లగా తిరిగింది. పాత లైబ్రరీ కనబడింది. మూడు నలభై తొమ్మిది.

దాన్ని కొత్తదాని మీద రాస్తే మోడెమ్ చచ్చిపోతుంది. అందుకని వేరే డైరెక్టరీలో పెట్టాడు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. పావురానికి మాత్రం పాత పొయ్యి దారి చూపిస్తే చాలు. పేర్లు సరిచూసుకుంటుంటే కొత్త లైబ్రరీ పక్కనున్న తేదీ కంటబడింది. అది శుక్రవారం కాదు. మహర్నవమి, మధ్యాహ్నం రెండు నలభై.

ఆ పూట కీబోర్డులన్నింటికీ బొట్లు పెట్టి, గుడ్డలు కప్పి, అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. తిమ్మప్ప సొంతూరు మడకశిరలో ఆ రోజు కత్తిపీట కూడా ముట్టుకోరు.

"మౌనికమ్మా, శుక్రవారం చేస్తినంటివే?" అన్నాడు వేళ్లు ఆపకుండా. "ఆదోని ఆడబిడ్డ మహర్నవమి నాడు పనిముట్టు పడుతుందా?"

మెడకు చల్లగా ఏదో తగిలింది. లిప్‌స్టిక్ గొట్టం. అందులోంచి రంగు రాదని తిమ్మప్పకు తెలుసు.

"చేతులు పైకెత్తు," అంది మౌనిక. మాటల్లో అండీ గిండీ ఎగిరిపోయింది. "ఆరు నిమిషాలు కదలకుండా కూర్చుంటే నువ్వైనా బతుకుతావు."

చేతులు లేచాయి. గడియారం ముల్లు కదులుతోంది. యాభై మూడు. యాభై నాలుగు. అక్కడ దినేష్ రిసీవర్ తీస్తుంటాడు. తనొక్కడే బతికి ఏం చేసుకోవాలి?

"ఓ మేడమ్, జర కాళ్లు తియ్యి!"

సాయమ్మ బకెట్టు వంపేసింది. సబ్బునీళ్ల మీద ఎత్తు మడమలు ఎంతసేపు నిలుస్తాయి? మౌనిక వెల్లకిలా పడింది. గుండు సీలింగులోకి పోయింది. లేవబోతే సాయమ్మ గుండెలమీద కూర్చుంది. "పూజ చేసిన మిషను కాడ పిస్తోలు పడతవా?"

తిమ్మప్ప ఎంటర్ కొట్టాడు. పావురం లేచింది. మోడెమ్ కీచుమంది, ఆగింది, మళ్లీ కీచుమంది. యాభై అయిదు దాటి నలభై సెకన్లు. యాభై. తెరమీద రెండు మాటలు వచ్చాయి.

'మజ్జిగ చేసుకుంటా.'

దినేష్ తిరుగు కోడ్. తిమ్మప్ప తల బల్లమీద ఆన్చి ఈసారి ఏడుపు ఆపుకోలేదు.

సాయంత్రం చీఫ్ మళ్లీ మాట్లాడాడు. "శభాష్! ఆ ఫ్లాపీని రాత్రి విమానంలో ఢిల్లీకి పంపు."

తిమ్మప్ప ప్యాంట్రీ వైపు చూశాడు. సాయమ్మ అప్పుడే దాన్ని మళ్లీ పీట మీద పెట్టి, కొత్తగా బొట్టు పెడుతోంది.

"కుదరదు సార్. ఇంకా ఉద్వాసన చెప్పలేదు."