లాకుల ఇంట్లో దీపం

కాలవ గట్టు మీద, తుప్పుపట్టిన లాకుల పక్కన ఓ పాడుబడ్డ ఇల్లుంది. తలుపుల్లేవు, కరెంటు లేదు... చెడ్డపేరు మాత్రం బోలెడుంది. పోయినేడు భీమరాజు దాని ముందే సైకిలు మీంచి పడి గిలగిలా కొట్టుకున్నాడు. మరి లేవలేదు. చీకటి పడ్డాక ఆ దారిన ఎవరూ వెళ్లరు — వెళ్లక తప్పనివాళ్లు తప్ప. సూర్యకళకి ఆ రాత్రి తప్పలేదు. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

ఆవిడ భర్త బుల్లిరాజుకి రెండ్రోజులుగా వాంతులు, విరేచనాలు. రొయ్యల చెరువు మీద ఉక్కలో చెమటోడ్చే మనిషి, తోటకూర కాడలా వేలాడిపోయాడు. అవతలి ఊళ్లో ఆరెంపీ డాక్టరు పొద్దుటినుంచీ గ్లూకోజు సీసాలు ఎక్కిస్తూనే ఉన్నాడు. నీరసమొస్తే సీసా పెట్టించుకోవడం మనవాళ్లకి కాఫీ తాగినంత అలవాటు. డాక్టరు చాలన్నా వినకుండా, ఇంకోటి పెట్టమని బతిమాలింది సూర్యకళే.

చీకటి పడ్డాక బుల్లిరాజుని స్కూటీ ఎక్కించి, తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని బయల్దేరింది. రెండ్రాత్రులుగా ఆవిడకీ కునుకు లేదు. ఇల్లు చేరి పడుకుంటే చాలు.

లాకులు రాగానే... చెవిలో గుసగుస.

"కళా... లోపల దీపం పెట్టారే. అమ్మ రమ్మంటోంది."

అత్తగారు పోయి చాలా ఏళ్లయింది.

సూర్యకళ అటు చూడలేదు. వెనక మనిషి కర్రలా బిగుసుకున్నాడు — ఆపైన కొట్టుకోవడం మొదలైంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఎలా తోలిందో ఏమో, ఊళ్లోకొచ్చి పడింది.

అందరూ భూతవైద్యుణ్ణి పిలుద్దామన్నారు. ఆయనొచ్చేదాకా ఈయన ఉండొద్దా అనుకుని, ఆవిడ 108కి ఫోన్ చేసింది.

రాజమండ్రి ఆస్పత్రిలో డాక్టర్ సుప్రియ రక్తపరీక్ష చూసి నిట్టూర్చింది. వాంతుల్లో, విరేచనాల్లో ఒంట్లో ఉప్పంతా పోయిందట. పైనుంచి ఉప్పులేని తీపినీళ్లు ఎక్కించారట.

"ఆ చక్కెర ఖర్చయిపోతే మిగిలేది ఉత్త నీళ్లేనండీ. రక్తంలో సోడియం పలచబడి మెదడు ఉబ్బింది. లేనివి కనబడతాయి, ఫిట్స్ వస్తాయి."

చిక్కటి ఉప్పు సెలైన్ కొద్దికొద్దిగా, మళ్లీమళ్లీ పరీక్షిస్తూ ఎక్కించారు. తొందరపడితే అదీ ప్రమాదమేనట.

వానకి చెరువు నీళ్లు చప్పబడితే రొయ్యలు చచ్చిపోతాయని, నిద్రలోంచి లేచి ఉప్పు బస్తాలు మోసే మనిషి బుల్లిరాజు. అలాంటివాడి ఒంట్లోకి చప్పనీళ్లు తనే పోయించింది. ఏడ్చే ఓపిక కూడా లేక సూర్యకళ గోడకి చేరగిలబడింది. భీమరాజు కూడా తను పడ్డ సాయంత్రం సీసా పెట్టించుకునే వస్తున్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

మూడోనాటికి బుల్లిరాజు కళ్లు తెరిచి గంజి అడిగాడు. బట్టలు తెద్దామని సూర్యకళ ఇంటికి బయల్దేరింది. లాకుల దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది. ఈసారి భయం వెయ్యలేదు. దెయ్యమేంటో తెలిసిపోయిందిగా.

ఆ ఇంటి గుమ్మంలో ఎవరో కూర్చున్నారు.

తల వంచుకుని... కదలకుండా. స్కూటీ లైటు పడగానే మెల్లిగా తలెత్తింది. ఊడ్పులకొచ్చే చిన్నమ్మాయి, తల్లి లేని పిల్ల. చేతి మీద దూది, ప్లాస్టరు.

"కళమ్మగారూ... లోపల దీపం పెట్టారండి. మా అమ్మ రమ్మంటోంది."

సూర్యకళ బండి దిగింది. తర్వాత ఆ పిల్లని లేపి, బండెక్కించి, తువ్వాలుతో నడుముకి బిగించి కట్టుకుంది. ఉప్పు తగ్గితే లేనివి కనబడతాయి, సరే. ఇద్దరికీ ఒకే దీపం ఎలా కనబడింది?

ఆలోచించే ఓపిక లేదు. ఎందుకైనా మంచిదని, వెనక ఆ ఇల్లు కనబడకుండా స్కూటీ అద్దాన్ని పక్కకి తిప్పేసి, ఆస్పత్రి వైపు పోనిచ్చింది.