రెండున్నర సెకన్లు

చంద్రుడి మీది మంచు గనుల కాలనీలో సెలవులకు ఇంటికి వెళ్లేవాళ్లు పెట్టె సర్దుకోరు, గోళ్లు కత్తిరించుకుంటారు. గోళ్లు పెరిగి ఉంటే స్పర్శ తొడుగులు చిరిగిపోతాయి. తరువాత ఇంత గంజి తాగి, మారుమేను విభాగం ముందు వరుసలో నిలబడతారు. 2094 డిసెంబరు ఇరవైనాలుగున ఆ వరుసలో బ్యూలా తొమ్మిదోది.

చంద్రుడి మీద ఐదేళ్లు గడిపినవాళ్ల ఎముకలు గుల్లబారిపోతాయి. భూమి మీద దిగితే సొంత బరువే మోయలేవు. బ్యూలా వచ్చి పదకొండేళ్లయింది. అలాంటివాళ్ల కోసం పుట్టింది మారుమేను. రేపల్లెలోని సెంటర్లో ఒక యంత్రదేహానికి ఆమె ముఖం తొడిగి ఉంచుతారు. ఇక్కడ కుర్చీలో పడుకుని ఆమె చెయ్యి ఎత్తితే అక్కడ అది ఎత్తుతుంది. దాని వేళ్లకు తగిలింది ఈమె వేళ్లకు తగులుతుంది. పండగపూట అంతా చేయగలదు, తినడం తప్ప.

ఒక్కటే చిక్కు. చంద్రుడి నుంచి భూమికి మాట పోయి జవాబు రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. వెలుతురు అంతకంటే తొందరగా నడవదు. బాగున్నావా అని అడిగితే అంతసేపు ఆలోచించే మనిషిని ఎవరు నమ్ముతారు? అందుకని పూరకం వచ్చింది. గ్యాప్ ఫిల్లర్ అన్నమాట. అది అవతలి కొసన కూర్చుని, మీరు ఏమంటారో ఊహించి మీ గొంతుతో వెంటనే అనేస్తుంది. మీరు లేచిపోయినా, లైను తెగినా మారుమేనును అదే నడుపుతుంది. దానికి ఒకే నియమం: సొంతంగా ఏదీ కల్పించకూడదు. మనిషి ఎప్పుడో ఒకప్పుడు తన నోటితో అన్న మాటలే వాడాలి. దానికోసం మెడపట్టీలోని మైకు పొద్దస్తమానం వింటూనే ఉంటుంది. మామూలు ఫోన్లకూ పూరకం వచ్చేసింది, అవీ అలాగే వింటూ ఉంటాయి. ఇక్కడివాళ్లది అక్కడ ఉంటుంది, అక్కడివాళ్లది ఇక్కడ. వద్దనుకున్నవాళ్లు ఎవరిది వారు మీట నొక్కి ఆపుకోవచ్చు.

మూడేళ్ల కిందట అక్క దీవెనమ్మ భర్త పోయినప్పుడు బ్యూలా ఇలాగే వెళ్లింది. సమాధి దగ్గర దీవెనమ్మ రోజంతా చెల్లెలి చెయ్యి వదల్లేదు. వారం తరువాత సెంటర్ వాళ్ల వివరాల కాగితం ఇంటికి వచ్చింది. ఆ రోజు నాలుగు గంటలు మారుమేనులో ఎవరూ లేరని, పూరకమే నడిపిందని అందులో ఉంది. డ్యూటీ పడిందని బ్యూలా చెప్పింది. అప్పటినుంచి దీవెనమ్మ చర్చిలో ప్రభువు బల్ల, అంటే యేసు పేరిట పంచే రొట్టె, తీసుకోవడం మానేసింది. మనసులో ఒకరిమీద పగ పెట్టుకుని ఆ రొట్టె అందుకోకూడదు. ఊరికి తెలియకుండా దాచుకునే విషయం కాదిది. బల్ల రోజున అందరూ లేస్తే ఆమె ఒక్కతే బెంచీ మీద మిగిలేది.

ఈసారి ఎలాగైనా క్షమాపణ అడగాలనే బ్యూలా బయలుదేరింది.

అక్క ఇంటి గుమ్మంలో కాగితపు నక్షత్రం వేలాడుతోంది. దీవెనమ్మ కుర్చీ తుడిచి మరీ వేసింది. సొంత చెల్లెలికి ఎవరూ కుర్చీ తుడిచి వెయ్యరు. పొయ్యి మీద గులాబీ పువ్వుల పిండివంట వేగుతుంటే బ్యూలా సాయం చెయ్యబోయింది. మీకెందుకండీ శ్రమ అని అక్క అచ్చు పక్కకు జరిపేసింది. ఆ 'అండీ' మాత్రం బ్యూలాకు సూటిగా తగిలింది.

చీకటి పడగానే కుటుంబ ప్రార్థన. చాప మీద మోకరించి ఒకరి తరువాత ఒకరు ప్రార్థించాలి. దీవెనమ్మ కూతురు సలోమి ముగించింది. బ్యూలా వంతు వచ్చింది. గొంతు సవరించుకుంది. సరిగ్గా అప్పుడే సౌర తుఫాను తగిలి లైను తెగిపోయింది. కుర్చీలో చీకటి తప్ప ఏమీ లేదు.

నలభై నిమిషాల తరువాత లైను కలిసేసరికి అక్క ఆమె భుజం మీద పడి ఏడుస్తోంది. భుజం తడి తెలుస్తోంది. ఏం జరిగిందో బ్యూలాకు తెలియదు. అడగాలంటే సిగ్గేసింది. వీపు నిమిరి ఊరుకుంది. రాత్రి అక్క "ఏమే, ఆ చాప చుట్టు" అంది. మూడేళ్లకు వచ్చిన 'ఏమే' అది. తనది కాని సొమ్ము తీసుకున్నట్టే బ్యూలా దాన్ని పుచ్చుకుంది.

మర్నాడు చర్చిలో బల్ల వేళ అందరూ లేచారు. దీవెనమ్మ లేవబోయి మళ్లీ కూర్చుంది. బ్యూలాకు అర్థం కాలేదు.

సెలవు అయిపోయి కుర్చీ దిగాక, ఆ నలభై నిమిషాలూ వినిపించమని ఆపరేటర్ షఫీని అడిగింది. నంద్యాల మనిషి, మాట తక్కువ. వింటారా మేడం అని రెండుసార్లు అడిగి వినిపించాడు. తన గొంతే.

"అక్కా, బావని మట్టిలో పెడుతుంటే నేను లేను. డ్యూటీ అన్నది అబద్ధం. చూడలేక కుర్చీ దిగి పారిపోయాను. నీ చెయ్యి వదిలేశాను. నన్ను క్షమించక్కా."

అవి తన మాటలే. ఒంటరిగా గదిలో పళ్లు తోముకుంటూ ఎన్నిసార్లు పైకే అనుకుందో లెక్కలేదు. మైకు వింది. వినవలసిన మనిషి ముందు మాత్రం ఒక్కసారీ నోరు పెగల్లేదు. యంత్రం పాటి ధైర్యం తనకు లేకపోయిందని బ్యూలా ఏడ్చింది.

డిసెంబరు ముప్పైన పూరకం ఆపేసి ఫోన్ చేసింది.

"అక్కా, నేను."

బ్యూలా లెక్కపెట్టింది: ఒకటి, రెండు, ఇంకో అర.

"తెలుస్తోందిలే. నేనూ ఆపేశాను."

మొన్న ప్రార్థన చేసింది తాను కాదని బ్యూలా చెప్పేసింది. మళ్లీ ఒకటి, రెండు.

"అప్పుడే తెలుసు. చిన్నప్పటినుంచీ ప్రార్థనలో నీకు ఒక కన్ను తెరిచి ఉంటుంది. మొన్న రెండూ మూసుకునున్నాయి."

అది చూడాలంటే అక్క కన్ను కూడా తెరిచి ఉండాలి కదా. బ్యూలాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. మరి తెలిసీ ఎందుకు ఏడ్చావని అడిగింది. ఈసారి జవాబు రావడానికి రెండున్నర సెకన్లు చాలలేదు.

"మూడేళ్లుగా ఆ మాట కోసం కాచుక్కూచున్నానే. ఎవరి నోటినుంచి వస్తే ఏంలే అనుకున్నాను. తెల్లారి బల్ల దగ్గరికి లేవబోతే కాళ్లు రాలేదు. మళ్లీ ఆ ఖాళీ బొమ్మనే పట్టుకుని ఏడ్చాను కదా. ఎల్లుండి కొత్త సంవత్సరం బల్ల ఉంది. ఇప్పుడు నువ్వు చెప్పు."

బ్యూలా రెండు కళ్లూ మూసుకుంది. మాటలు తడబడ్డాయి, అయినా అన్నీ చెప్పింది. పారిపోయిన సంగతీ, ఆ తరువాత ఏ పండగా తనకు పండగలా లేని సంగతీ చెప్పి, చివరికి "క్షమించక్కా" అంది.

"పోనీలేవే పిచ్చిదానా. నాకెప్పుడో పోయింది కోపం."

అక్క గొంతే, చిన్నప్పుడు జడ వేస్తూ మాట్లాడినంత మెత్తగా ఉంది. బ్యూలా మనసు తేలికైపోయింది. ఆ వెంటనే, అలవాటుకొద్దీ మొదలుపెట్టిన లెక్క 'ఒకటి' దగ్గరే ఆగిపోయి ఉందని గమనించింది.

అక్క మీట నొక్కి తన పూరకాన్ని మళ్లీ పెట్టింది. చెప్పమని అడిగి, వినే ధైర్యం లేక లేచి వెళ్లిపోయింది.

పూరకం ఏదీ కల్పించదు. పొయ్యి దగ్గరో, దండెం దగ్గరో, ఎవరూ లేనప్పుడు దీవెనమ్మ ఆ మాట అనే ఉంటుంది. బ్యూలా ఫోన్ పెట్టెయ్యలేదు. తను అడిగిన క్షమాపణ ఇంకా దారిలోనే ఉంది.