మధ్యాహ్నం లేవని కంప్యూటర్

“మీ ముందు మాత్రం బుద్ధిగా లేస్తుందండీ ఇది, చూస్తూ ఉండండి. మీరు గుమ్మం దాటడం ఆలస్యం, మళ్ళీ మొండికేస్తుంది,” అంది ప్రెస్సు అమ్మాయి, మానిటర్ కేసి పగవాణ్ణి చూసినట్టు చూస్తూ.

అతను కీబోర్డు మీద ఒక మీట నొక్కాడు. స్లీప్‌లో ఉన్న కంప్యూటర్ ఒక్క క్షణం గొంతు సవరించుకుని, తెర నిండా వెలుగుతో లేచి కూర్చుంది.

“చూశారా! నన్ను అబద్ధాలకోరుని చేసేసింది.”

“మీరు అబద్ధం చెప్తున్నారని నేననలేదండీ.”

“మీరసలేమన్నారు గనక! వచ్చి ఇంతసేపయింది. నమస్తే అన్నారు, ప్లగ్గెక్కడ అన్నారు. ఆ రెండు ముక్కలకీ కలిపి ఒక్కసారి నా మొహం చూశారు. అదీ ప్లగ్గు నా వెనకాల ఉంది కాబట్టి.”

అతని చెవులు వేడెక్కాయి.

రిపేర్ల షాపులో తోటివాళ్ళు అతన్ని ‘సైలెంట్ మోడ్’ అని పిలుస్తారు. మాటలు రాక కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు లోపల ఠక్కున తయారవుతుంది. దాన్ని ఒకసారి తిప్పి చూసుకుంటాడు. మొరటుగా ఉన్న చోట చెక్కుతాడు. మరీ నున్నగా అయిపోయిందేమోనని అనుమానపడతాడు. ఈలోగా అడిగినవాళ్ళు వేరే సంగతిలోకి వెళ్ళిపోతారు. కంప్యూటర్లతో ఆ బాధ లేదు. జవాబు కోసం అవి మొహంలోకి చూడవు.

ఆ చోటు ఇల్లూ ప్రెస్సూ కలిసినది. ముందు గదిలో వాళ్ళ నాన్న మెషిన్లు, కాగితాల దొంతరలు, జిగురు వాసన. లోపలి గదిలో ఈ కంప్యూటర్. పుస్తకాల పేజీలు కూర్చేది అమ్మాయి. మధ్యలో వచ్చి కూర్చుని తప్పులు చూసేది నాన్న.

“వరసగా చెప్పండి. ఏం జరుగుతుంది?”

“బటన్ నొక్కితే లోపల ఫ్యాను బుర్రుమంటుంది. హమ్మయ్య, లేచింది అనుకుంటాం. అంతలో టప్పున ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే మొదట్నుంచి మొదలెడుతుంది. తెరిచి పెట్టుకున్నవన్నీ గోవిందా!”

“ఎప్పుడలా చేస్తుంది?”

“మధ్యాహ్నం. భోజనాలయ్యాక.”

“పొద్దున?”

“పొద్దున బానే ఉంటుంది. అన్నం తిన్నాక మీకు మాత్రం నిద్ర ముంచుకురాదా ఏంటి?”

అతను దాన్ని గురించి చాలా సీరియస్‌గా ఆలోచించాడు. “ఎండ వేడి వల్ల కావచ్చండీ.”

ఆమె అతన్ని వింతగా చూసి, పకపకా నవ్వింది. ముందు గదిలో మెషిన్ చప్పుడు ఆగింది కూడా. “ఏంటమ్మడూ?” అని నాన్న అరిచాడు. “ఏం లేదు నాన్నా, మన కంప్యూటర్‌కి వడదెబ్బట!” అని ఆమె తిరిగి అరిచింది.

అతను దుమ్ము దులిపాడు, స్లీప్ సెట్టింగులు సరిచేశాడు, తెరకి సంబంధించిన సాఫ్ట్‌వేర్ కొత్తది వేశాడు. వాళ్ళమ్మ కాఫీ ఇచ్చింది. తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, వెళ్ళిపోయాడు. దారి పొడుగునా ఆ నవ్వు చెవిలో ఉండిపోయింది. నలుగురూ అతన్ని చూసి నవ్వినప్పుడు లోపల ఏదో ముడుచుకుపోతుంది. ఈసారి ముడుచుకోలేదు. ఎందుకు ముడుచుకోలేదో అని ఆలోచిస్తూ తను దిగాల్సిన స్టాపు దాటిపోయాడు.

వారం తిరక్కుండానే మళ్ళీ ఫోను. ఈసారి కరెంటు అందించే డబ్బా అనుమానం. విప్పి, చూసి, మంచిది పెట్టాడు. అతని ముందు కంప్యూటర్ ఎన్నిసార్లు పడుకోబెడితే అన్నిసార్లు లేచింది.

వెళ్ళబోతుంటే ముందు గదిలో ప్రెస్సాయన పట్టుకున్నాడు. “ఏమయ్యా, ఇలా రా. మెషిన్ అంటే ఏంటో చూద్దువుగాని.”

అది కాగితాలు కోసే మెషిన్. రెండు పక్కలా రెండు పచ్చ బటన్లు.

“రెండు చేతులూ రెండు బటన్ల మీదా ఉండాలి. కత్తి దిగి, కోసి, పైకి లేచేదాకా చెయ్యి తియ్యకూడదు. తీశావో, సగంలో ఆగిపోతుంది. వేళ్ళు తెగకుండా ఆ ఏర్పాటు. నేనేమంటానంటే, మెషిన్ ఏదైనా సరే, మనం గట్టిగా ఉన్నామని దానికి తెలియాలి.”

ధడ్‌మని కత్తి దిగింది. అతను తలూపాడు. ఆయనంటే అతనికి భయం. గట్టిగా మాట్లాడే మనుషులందరూ తనలోని ఏదో లోపాన్ని కనిపెట్టేసి, మర్యాదకి బయటపెట్టడం లేదని అతనికి చిన్నప్పట్నుంచీ ఒక నమ్మకం. అందుకే ఏది అడగాలన్నా అమ్మాయినే అడిగేవాడు. ఆయన్ని ఒక్క ప్రశ్నా అడగలేదు.

మూడోసారి అతను వచ్చేసరికి వాన. ధారలు కట్టే వాన కాదు, పనేమీ లేనట్టు కాసేపు పడి కాసేపు ఆగి కిటికీలోంచి తొంగి చూసే వాన. ఆమె పేజీలు కూర్చుతోంది. ఒక వాక్యం టైపు చేస్తుంది, సేవ్ చేస్తుంది. ఇంకో వాక్యం, మళ్ళీ సేవ్.

“ఇంతలా సేవ్ చేయక్కర్లేదండీ,” అన్నాడతను.

“నా జాగ్రత్త నాది. డాక్టరుగారూ, మీ వైద్యం మీద నాకంత నమ్మకం లేదు.”

“నేను డాక్టర్ని కాదండీ.”

“రోగి బతికితే అప్పుడు ఆలోచిద్దాం.”

అతనికి నవ్వొచ్చింది. నవ్వాడు కూడా. ఆమె టైపు చేయడం ఆపి, ఏదో అచ్చుతప్పు దొరికినట్టు అతని మొహంలోకి పరీక్షగా చూసింది. “ఓహో, నవ్వుతారన్నమాట!”

సరిగ్గా అప్పుడు బయట ఎవరో పిలిచారు. ఆమె కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టి లేచి వెళ్ళింది. అటు ఆమె వెళ్ళగానే, ఇటు భోజనం ముగించుకుని ప్రెస్సాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“నువ్వున్నప్పుడు లేస్తుందంటగా. ఏదీ, చూద్దాం.”

ఆయన కీబోర్డు జోలికి పోలేదు. వంగి, కంప్యూటర్ డబ్బా మీదున్న పవర్ బటన్ మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. నొక్కి, అలాగే ఉంచాడు. ఫ్యాను బుర్రుమంది. తెర వెలగడానికి కొన్ని క్షణాలు పడుతుంది కదా. అది వెలగందే ఆయన వేలు తీయడు. కత్తి దిగి పైకి లేచేదాకా చెయ్యి తీయని మనిషి ఎలా తీస్తాడు? టప్పున అంతా ఆగిపోయింది.

“చూశావా? నీ ముందే!” అన్నాడాయన, ఓడినా గెలిచినట్టు.

ఏ కంప్యూటరైనా అంతే. పవర్ బటన్ తట్టి వదిలేస్తే లేస్తుంది. నొక్కి పట్టుకుంటే, ‘ఆపెయ్’ అన్నారనుకుని నోరు మూసుకుంటుంది. భోజనాలయ్యాక తప్పులు చూడ్డానికి దాని ముందు కూర్చునేది ఈయన. పాపం ఆ కంప్యూటర్ ప్రతి మధ్యాహ్నం బుద్ధిగా లేస్తూనే ఉంది. లేచిన మరుక్షణం ఆయన దాని పీక నొక్కుతున్నాడు.

అతను నోరు తెరిచాడు. చెప్పాల్సింది చిన్న మాట. ‘సార్, వేలు తీసేయండి.’ అంతే.

“కేబుల్... ఒకసారి చూడాలండీ,” అన్నాడు.

అది అతని పనిలో అతను ఆడిన మొదటి అబద్ధం. బయటికొచ్చాక వానలో నడుస్తూ దాన్ని లోపల తిప్పి తిప్పి చూసుకున్నాడు. పెద్దాయన మనసు నొచ్చుకుంటుందని చెప్పలేదు అని మొదట నచ్చజెప్పుకున్నాడు. అది నిలబడలేదు. ఆయనంటే భయం వల్ల అనుకున్నాడు. అదీ పూర్తిగా నిజం కాదు. నిజం దానికింద ఇంకెక్కడో, పిలిస్తే పలకని పిల్లాడిలా నక్కి ఉంది. కంప్యూటర్ బాగైపోతే ఆ గదిలోకి వెళ్ళడానికి తనకిక పనేమీ ఉండదు. ఇంత సూటైన సంగతిని తనకి తాను ఒప్పుకోవడానికి అతనికి రెండు వీధులు పట్టింది.

మర్నాడు షాపు ఓనరు పిలిచాడు. “ఏరా సైలెంట్ మోడ్, ప్రెస్సాయన ఫోన్ చేశాడు. నీవల్ల కావట్లేదట. వేరే షాపువాళ్ళ దగ్గర కొత్త కంప్యూటర్ చెప్పేశాడు. ఇవాళ మధ్యాహ్నం తెస్తారట. నువ్వెళ్ళి అక్కడున్న మన స్క్రూడ్రైవర్లూ అవీ తెచ్చేసుకో.”

కొత్తది కూడా భోజనాలయ్యాక లేవదు, అనుకున్నాడు అతను. అప్పుడు ఇంకొకడు వస్తాడు. ఆ ఇంకొకడికి మాటలు బాగా వస్తాయేమో. తను నోరు మూసుకుంటే ఆ ఇంటికి అనవసరంగా చేతిచమురు వదులుతుంది, తనకి ఆ గుమ్మం దూరమవుతుంది. నోరు తెరిచినా ఆ గుమ్మం దూరమే. అయితే తెరవడమే మేలు. కనీసం ఆమె తనని చేతకానివాడిగా గుర్తుపెట్టుకోదు. అబద్ధాలవాడిగా గుర్తుపెట్టుకుంటుంది. దాన్నేం చేయాలో అతనికి తోచలేదు.

వెళ్ళేసరికి ప్రెస్సాయన లోపలి గదిలోనే ఉన్నాడు. అమ్మాయి ఒక పక్కన గోరు కొరుక్కుంటూ నిలబడింది. ఎప్పుడూ ఉండే పరాచికం మొహంలో లేదు.

“సార్,” అన్నాడతను. చెక్కలేదు, నున్న చేయలేదు. “కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదండీ. మీ బొటనవేలే.”

“నా వేలేంటయ్యా?”

“మీరు బటన్ నొక్కి పట్టుకుంటున్నారు. మీ కటింగ్ మెషిన్‌కి అది కరెక్టు. దీనికి తట్టి వదిలెయ్యాలి. కొత్తది కొన్నా ఇదే అవుతుంది.”

ఆయన తన బొటనవేలిని అప్పుడే మొలిచినట్టు చూసుకున్నాడు. “ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“పోయినసారి వచ్చినప్పట్నుంచి.”

“మరి కేబులూ గీబులూ అన్నావే!”

అతను తల దించుకున్నాడు.

“నాన్నా,” అంది అమ్మాయి సన్నగా, “నాకు అంతకు ముందే తెలుసు. ఆయన రెండోసారి వచ్చి వెళ్ళాక చూశాను. నువ్వు నొక్కి పట్టుకోవడం.”

అతను చటుక్కున తలెత్తాడు. వాక్యానికోసారి సేవ్ చేసుకున్నది అందుకన్నమాట!

“తెలిసి నోరెత్తలేదా? పేజీలు పోతుంటే?”

“పోకుండా సేవ్ చేసుకుంటున్నాగా! చెప్పేస్తే...” ఆమె కిటికీ వైపు తిరిగింది. “చెప్పేస్తే ఇంక ఈయన రారుగా.”

వంటగదిలోంచి వాళ్ళమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. “నాకైతే మొదటి రోజే తెలుసండీ. చెప్దామనే అనుకున్నా. అంతలో ఈ అబ్బాయొచ్చి, కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టాడు. ఈ ఇంట్లో అలాంటి వింత నేనెప్పుడన్నా చూశానా? సరేలే, ఇంకోసారి రానీ అని ఊరుకున్నా.”

“అంటే ఇంటిల్లిపాదికీ తెలుసన్నమాట! నేనొక్కణ్ణే వెర్రివెంగళప్పనా?”

“ఊరుకోండి, ఇంతోటి దానికి. ముందా ఫోన్ చేసి కొత్తది వద్దని చెప్పండి.”

ఆయన ఫోన్ చేశాడు. చేసి, పట్టుదలగా కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బొటనవేలు బటన్ మీద పెట్టాడు.

“తియ్యండి, తియ్యండి!” అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

ఆయన నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. తెర వెలిగింది. ఆయన చాలాసేపు దానివైపు చూసి, “అంతేనా? ఇంత తేలిగ్గానా?” అన్నాడు కొంచెం నిరాశగా.

ఇక చేసే పని లేదు. అతను స్క్రూడ్రైవర్లు సర్దుకున్నాడు. మెల్లిగా సర్దుకున్నాడు, మళ్ళీ తీసి సర్దుకున్నాడు. జవాబు లోపల తయారై ఉంది. మామూలుగా అయితే ఈపాటికి దాన్ని చెక్కుతూ ఉండేవాడు. ఆమె ‘రారుగా’ అన్న మాటలో చెక్కుడు లేదని గుర్తొచ్చింది.

“సార్, ఆదివారం రావచ్చాండీ?”

“ఆదివారం దేనికి? బాగైపోయిందిగా!”

“కంప్యూటర్ కోసం కాదండీ. మీ అమ్మాయితో మాట్లాడాలి.”

ప్రెస్సాయన భార్య వైపు చూశాడు. ఆవిడ పైకప్పు వైపు చూసింది. ఆయన మీసం కింద ఏదో కదిలింది.

“మాట్లాడతావా? నువ్వు?” అన్నాడు ఆశ్చర్యంగా. “ఏమ్మడూ, ఏమంటావ్?”

ఆమె ఇటు తిరిగింది. ఎర్రబడ్డ మొహంలో పాత పరాచికం మెల్లిగా వెనక్కొస్తోంది.

“రమ్మను నాన్నా. కాకపోతే ఆ టూల్స్ సంచి లేకుండా రమ్మను.”

“సంచి లేకపోతే,” అన్నాడతను నిజాయితీగా, “చేతులెక్కడ పెట్టుకోవాలో నాకు తెలీదండీ.”

“దానికేం,” అంది ఆమె. “అది నేను చూసుకుంటాలెండి.”