మేనత్త ఊపాల్సిన ఊయల

బూరెలకు పప్పు ఉడుకుతుండగా కోడలు డేజీ వంటింటి గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అంది. "అత్తా, పాపకి మేనత్త రాకపోతే ఆదివారం పేరు పెట్టడం కుదరదు."

మునియమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కొన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది... ఎత్తితే భర్త చిన్నస్వామి ఎదుట ఉన్న కంచం తోసేసి లేచిపోతాడని భయం. తన కడుపున పుట్టిన సావిత్రి, ముద్దుగా సావీ, తోటి పంతులు ముసాని పెళ్ళాడింది. ముసా ఆ దేశపు నల్లజాతి వాడు, జులూ అబ్బాయి. ఎక్కడ చూసినా గొడవలూ మంటలూ ఉన్న ఆ రోజుల్లో చిన్నస్వామి ఒక్కటే మాట అన్నాడు. "నా గడప తొక్కద్దు." సావీ తొక్కలేదు. తమ చిన్న ఊరు ఒట్టావాలో పొద్దున బస్సెక్కితే భోజనాల వేళకు చేరుకునే ఉమ్‌హ్లాలిలో, చెరకు తోటల మధ్య కాపురం పెట్టింది. ఆ బస్సు తన ఇంటి ముందు నుంచే వెళ్తుంటే మునియమ్మ తలుపు చాటున కళ్ళు తుడుచుకునేది తప్ప, ఒక్కనాడూ ఎక్కలేదు!

అదే చిన్నస్వామి డేజీని మాత్రం కాదనలేదు. నల్లవాళ్ళతో సహా అందరికీ తొలిసారి ఓటు వచ్చిన ఏడాది, జనానికి ఓటు వేయడం నేర్పడానికి ఒక చర్చి బృందంతో వచ్చిన పిల్ల ఆమె. అలాస్కా సముద్రతీరంలో చేపలు పట్టి పొగబెట్టి దాచుకునే ట్లింగిట్ జాతి వాళ్ళ అమ్మాయి. కొడుకు క్రిష్ ఆమెకు దుబాసీగా తిరిగి చివరికి మనసిచ్చేశాడు. ఎక్కడో మంచు దేశపు పిల్లను ఒప్పుకున్న మనిషి పక్క ఊరి అల్లుణ్ణి ఎందుకు ఒప్పుకోలేకపోయాడో మునియమ్మకు అర్థమయ్యేది కాదు.

"మేనత్త సంగతి ఇక్కడెందుకు?" హాల్లోంచి చిన్నస్వామి గొంతు గరగరలాడింది. "నా ఇంటి పిల్లకి నేను పేరు పెట్టుకుంటా."

డేజీ పాపను భుజాన వేసుకుని ఆయన ముందు కూర్చుంది. "మామా, కోపం వద్దు. మా వాళ్ళు రెండు పక్షాలు, పిల్లలది అమ్మ పక్షమే. నేను కాకి పక్షం, పాప కూడా కాకి పక్షం."

"ఏటీ? నా మనవరాలు కాకా?"

క్రిష్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. మునియమ్మకు కూడా పెదవి వణికింది. అది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

"మాకు కాకి చాలా గొప్పది, మామా. లోకానికి వెలుగు తెచ్చింది కాకే అంటారు మా పెద్దలు," అంది డేజీ ఏమాత్రం నొచ్చుకోకుండా. "కానీ మా పని మేము చేసుకోకూడదు. పుట్టినా, పోయినా, ఇల్లు కట్టినా అవతలి పక్షం వాళ్ళు వచ్చి చెయ్యాలి. తర్వాత మేము విందు పెట్టి, బట్టలు పెట్టి, వాళ్ళకి దణ్ణం పెడతాం. పాపకి అవతలి పక్షం అంటే మీరే. అందులో ముందు చెయ్యి నాన్న అక్కది. మా అమ్మ వాళ్ళు పెట్టే పేరు మా ఊళ్ళో విందులో పెడతారు. ఇక్కడి పేరు మీరు పెట్టండి. కానీ మేనత్త ఎత్తుకోని పిల్ల అంటే మాలో... ఒంటరి పిల్ల."

చిన్నస్వామి లేచాడు. టోపీ పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మునియమ్మ పొయ్యి ఆపింది. ఆ క్షణంలో ఆమెకు ఏమైందో! ఎక్కడో పుట్టిన ఈ పిల్ల మన ఆచారం మనకు గుర్తు చేస్తోందే... మనలోనూ ఊయలలో బిడ్డ చెవిలో పేరు చెప్పేది మేనత్తే కదా! ఆడపడుచును వదులుకున్న ఇంట్లో ఊయల ఎవరు ఊపుతారు? చీర మార్చుకుని, క్రిష్‌కి కూడా చెప్పకుండా, రోడ్డు మీదికి వచ్చి బస్సెక్కింది.

ఉమ్‌హ్లాలిలో సావీ తన గుమ్మంలోనే నిలబడింది. తల్లిని చూసి ముఖం తెల్లబోయింది కానీ పక్కకు జరగలేదు.

"నాయన పంపాడా?"

"లేదమ్మా. నేనే వచ్చాను."

"పని ఉండి వచ్చావు, కదా? పేరు పెట్టే సంగతి క్రిష్ ఫోన్‌లో చెప్పాడు." సావీ గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది. "నా మెషికా పుట్టినప్పుడు నువ్వు రాలే, అమ్మా. ఆసుపత్రిలో అందరికీ అమ్మలు వచ్చారు. నేను డోర్ చూస్తూ పడుకున్నా. ఇప్పుడు మీకు మేనత్త కావాలా?"

మునియమ్మ ఏం చెప్పగలదు? భయపడ్డానని చెప్పాలా... భర్త మాటకు తలొంచడమే కాపురం అనుకున్నానని చెప్పాలా? మెట్టు మీదే కూలబడి, "నువ్వు రావద్దులే తల్లీ," అంది చివరికి. "రమ్మనే హక్కు నాకు లేదు. నిన్ను చూసి పోతాను. నా మనవరాలిని ఒక్కసారి చూపించు."

లోపలి నుంచి ముసా వచ్చాడు. "సావుబోనా, మా," అని తన భాషలో పలకరిస్తూ వంగి, స్టూలు తెచ్చి వేశాడు. భార్య వైపు తిరిగి నిదానంగా అన్నాడు. "మా ఇంట్లో కూడా మా నాన్న చెల్లెలు రాకుండా ఏ పనీ మొదలవదు, సావీ. నీ కోపం నీ ఇష్టం. కానీ ఆ పాప నీకేం చేసింది?"

సావీ చెరకు తోట వైపు ముఖం తిప్పుకుంది. తర్వాత తల్లి ఒళ్ళో తలపెట్టి, పెళ్ళయిననాటి నుంచి ఆపుకున్న ఏడుపంతా ఏడ్చేసింది. కూతుర్ని నిమురుతూ మునియమ్మ కూడా ఏడ్చింది. మెషికా వచ్చి ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఎవరు కొట్టారు మమ్మీ?" అనడంతో ముగ్గురూ ఒకేసారి నవ్వారు.

ఆదివారం బంధువులతో ఇల్లు నిండింది. చిన్నస్వామి వరండాలో ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. గేటు దగ్గర ముసా బక్కీ, వెనక తొట్టి ఉన్న చిన్న బండి, ఆగగానే అందరూ అటు తిరిగారు. సావీ దిగింది, గేటు బయటే నిలబడింది.

డేజీ లోపలి నుంచి వచ్చింది. భుజాల మీద నల్లటి దుప్పటి, ఎర్రటి అంచు, వీపు మీద ముత్యపు చిప్పల గుండీలతో కుట్టిన కాకి. వాళ్ళ అమ్మ తన చేత్తో కుట్టి పంపిన దుప్పటి అది. పాపతో సరాసరి గేటు దగ్గరికి నడిచి, వాళ్ళ భాషలో "గునల్‌చీష్" అని, మళ్ళీ అందరికీ అర్థమయ్యేలా, "వచ్చినందుకు దణ్ణాలు, వదినా," అంది. తర్వాత మామగారి వైపు తిరిగింది. "మామా, మాలో ఇంటి పెద్ద రమ్మంటేనే అతిథులు లోపలికి వస్తారు. మేము ఇక్కడే ఉంటాం."

చిన్నస్వామి కూతుర్ని చూశాడు. ఎంత చిక్కిపోయింది! చెవుల దగ్గర ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు కూడా... ఆయన కుర్చీలోంచి లేచాడు.

"ఎండలో ఎంతసేపు నిలబడతావే? లోపలికి రా." కాస్త ఆగి, ముసా వైపు చూడకుండానే, "ఆయన్నీ రమ్మను," అన్నాడు.

సావీ పాపను ఎత్తుకుని ఊయలలో వేసింది. చెవిలో తేజశ్రీ అని చెప్పింది. డేజీ ఆమె భుజాన కొత్త దుప్పటి కప్పి, అలాస్కా నుంచి వచ్చిన పొగచేప సీసా చేతిలో పెట్టింది. ముసా వడ్డనకు దిగాడు. చిన్నస్వామి అతని చేతిలోంచి బూరెల పళ్ళెం లాక్కుని, "కూర్చో, అల్లుడు వడ్డించకూడదు," అన్నాడు కసురుతున్నట్టే. ఆ ఒక్క మాటకు మునియమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం సావీ వాళ్ళు బయలుదేరుతుంటే చిన్నస్వామి టోపీ పెట్టుకుని వచ్చి, మెషికాను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బక్కీ ముందు సీట్లో ఎక్కేశాడు.

"ఏమయ్యా, ఎక్కడికి?" అంది మునియమ్మ తెల్లబోయి.

"ఇల్లు చూడద్దా? రేపో ఎల్లుండో వస్తా."

బండి కదిలింది. మునియమ్మ గేటు పట్టుకుని నిలబడిపోయింది. పక్కింటావిడ ఏమీ అడగలేదు. అయినా మునియమ్మ గొంతెత్తి చెప్పింది. "మా ఆయన కూతురింటికి వెళ్తున్నాడమ్మా."