పోయిన గురువారం సర్వే

ఉదయం 9:40. మహల్లా పట్టణంలో ఐదంతస్తుల ఇల్లు. ఇంటి ముందు సందులో ఖమీస్ శవం.

డాబా మీద గోపురంలా కట్టిన అతని పావురాల చెక్క గూడు సగానికి విరిగి వేలాడుతోంది. ఖమీస్ దాని పైకెక్కి, జెండా ఊపి పావురాల్ని ఎగరేస్తుండగా డ్రోన్ వచ్చి గూడును గుద్దింది, అతను కింద పడ్డాడు. అది ఆసుపత్రికి రక్తం సంచులు మోస్తున్న డ్రోన్.

డాబా మీద నిలబడ్డ డ్రోన్ పైలట్ నిస్మా చేతులకు అప్పటికే బేడీలు పడ్డాయి.

"మ్యాప్‌లో ఇక్కడ ఏ అడ్డూ లేదు పాషా," అంది, అక్కడ పోలీసు అధికారుల్ని పిలిచే తీరులో, ఇన్‌స్పెక్టర్ వగ్దీతో. "ఆ డేటా మాకు అమ్మేది ఇదిగో, ఈ తామిర్ వాళ్ళ కంపెనీ. దాన్ని నమ్ముకునే డ్రోన్‌కి దారి గీశాను."

డేటా కంపెనీ మేనేజర్ తామిర్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. డాబా అంతా పావురాల రెట్ట కంపు.

"సర్వే ఎప్పుడు చేశారు?" అతన్ని అడిగాడు వగ్దీ.

"పోయిన గురువారం. ప్రతి డాబా కొలిచాం. అప్పుడిది లేదు."

"మరెలా వచ్చింది?"

"ఈ పావురాల పిచ్చోళ్ళ సంగతి మీకు తెలీందేముంది పాషా? ఎదురింటోడి గూడు కంటే ఎత్తుండాలని రాత్రికి రాత్రే చెక్కలు కొట్టేస్తారు. చేజేతులా చావు తెచ్చుకున్నాడు."

ఖమీస్ భార్య అజీజా విరుచుకుపడింది.

"నీ నోట్లో మన్ను పడ! ఎండాకాలం నుంచీ ఉందిరా అది!"

"చెప్పకుండా కొత్తగా కట్టినందుకు జరిమానా వేస్తారని భయం పాషా," అన్నాడు తామిర్. "అలాగే అంటుంది."

భర్త శవం ఇంకా సందులోనే ఉంది. ఆమె ముఖం మీదే ఆ మాట అనడానికి మనిషి ఎంత సిగ్గు మాలాలి!

వగ్దీ విరిగిన గూడు పై అరలోకి చెయ్యి దూర్చాడు. మోచేతి దాకా రెట్ట అంటుకుంది. ఒక పావురం పిల్లను బయటికి తీసి తామిర్ ముఖం ముందు పెట్టాడు.

"ఈకలొచ్చాయి, చూశావా? గుడ్డు పెట్టాలి, పొదగాలి, ఈకలు రావాలి. నెల పైమాటే. గూడేమో గురువారం తర్వాత కట్టారంటావు. దీని తల్లి గాల్లో పెట్టిందా గుడ్డు?"

తామిర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సర్వేకి ఎవడూ రాలేదు. పాత డేటాకి కొత్త తేదీ వేసి అమ్మారు. అంతేనా?"

"అందరూ చేసేదే పాషా," గొణిగాడు తామిర్. "ఇన్నాళ్ళూ ఎవరూ చావలేదుగా."

వగ్దీ పావురం పిల్లను తిరిగి గూట్లో పెట్టాడు.

బేడీలు తామిర్ చేతులకు మారాయి. నిస్మా ఊపిరి పీల్చుకుంటుందనుకున్నారు అందరూ. ఆమె వెళ్ళి తామిర్ చొక్కా పట్టుకుంది.

"ఈ మ్యాప్ ఇంకెవరికి అమ్మావు? ఇప్పుడు గాల్లో ఎన్ని డ్రోన్లున్నాయి?"

"అందరికీ," అన్నాడు తామిర్ తల దించుకుని.

నిస్మా ఇన్‌స్పెక్టర్ చేతిలోని ఫోన్ లాక్కుని నంబరు నొక్కింది.

"డ్రోన్ కంట్రోల్ రూమా? గాల్లో ఉన్న డ్రోన్లన్నీ దింపెయ్యండి. కారణం తర్వాత చెప్తాను, ముందు దింపండి!"