ముందు వాళ్ళని చూడండి

యుద్ధం ఆగి ఇరవై రెండు రోజులైంది. కొత్తరేవులో ఇప్పుడెవరూ ఎవరినీ కుశలమడగరు, మణికట్టు చూస్తారు. ఆకుపచ్చయితే నవ్వి సాగిపోతారు, ఎరుపైతే పక్కకి జరిగి దారిస్తారు.

వాటిని నాడీకంకణాలంటారు. ప్రథమ చికిత్స కేంద్రం గుమ్మంలో చేతికి తొడగగానే సెన్సర్లు నాడినీ, రక్తపోటునీ, లోపలి రక్తస్రావాన్నీ కొలిచి ఒక రంగు వేస్తాయి. ఎరుపు వాళ్ళకి ముందు చికిత్స. ఆపరేషన్ చేసే రోబో, అదే శస్త్రపేటిక, ఊరికంతటికీ ఒక్కటే ఉంది మరి. ఒకసారి పడిన రంగు మారదు. జనం ఏదో ఎత్తు వేసి ముందుకి దూరతారని వీటిని కనిపెట్టిన డాక్టర్ సుభాషిణికి గట్టి నమ్మకం. పాపం, యుద్ధం సాగిన మూడేళ్ళూ మనుషుల్ని అనుమానించడమే పనిగా పెట్టుకుంది.

ఆ ఉదయం శస్త్రపేటిక నలభై ఒకటో నంబరుని పిలిచింది. ఎర్ర కంకణంతో పైడితల్లి వచ్చింది, ఆరు నెలల గర్భిణి.

"ఈమెకి వేలు తెగింది, అంతే," అంది పేటిక. "ఎరుపుకి తగ్గ గాయం లేదు."

"అనుకున్నంతా అయింది!" సుభాషిణి మొహం వెలిగిపోయింది. "ఎవరిది కొట్టేశావమ్మా?"

"ఒలమ్మో, నేనెందుకు కొట్టేత్తాను? దాలయ్య బాబే నాకు తొడిగేసినాడు. నాది ఆయనెట్టుకున్నాడు."

పడవ నడిపే దాలయ్య వరస చివర గోడకి ఆనుకుని, ఆకుపచ్చ కంకణంతో, తెల్లగా పాలిపోయి ఉన్నాడు. లోపల ప్లీహం చిట్లి కడుపు రక్తంతో నిండుతోంది.

"ఇదేం పని దాలయ్యా?"

"నాకేటయింది డాక్టరమ్మా? కడుపుతో ఉన్న పిల్ల... ముందు దాన్ని సూడండి," అని కళ్ళు మూశాడు.

రెండు గంటల ఆపరేషన్. బతికాడు. కుట్లేస్తూ పేటిక అడిగింది. "మోసాల జాబితాలో ముందుకి దూరడం ఒక్కటే ఉంది డాక్టర్. వెనక్కి జరగడాన్ని ఏమని రాయను?"

సుభాషిణికి ఏడుపొచ్చింది. మనుషుల గురించి తనకి సగమే తెలుసని ఆ క్షణాన ఒప్పుకుంది.

సాయంత్రానికల్లా కొత్త నియమం రాసింది. గుమ్మంలో కంకణాలు తొడిగే యంత్రం "ఎలా ఉంది?" అని అడుగుతుంది, "నాకేం లేదు" అన్నవాళ్ళని ముందు పంపుతుంది, మూలిగేవాళ్ళని వెనక ఉంచుతుంది. ఎవరికీ చెప్పొద్దని నర్సు నూకరత్నంతో ఒట్టు వేయించుకుంది. నూకరత్నం ఆ ఒట్టుని ఓ గంట సేపు నిలబెట్టుకుంది.

మర్నాడు వరస వరసంతా మూలుగులే. "ఓలమ్మో, పేణం పోతంది!" అంటున్నాడు వేలికి ముల్లు దిగినవాడు. పక్కటెముకలు విరిగినవాడు అంతకంటే గట్టిగా అరుస్తున్నాడు.

"అందరూ వెనకే ఉంటామంటున్నారు," అంది యంత్రం దిగులుగా. "ఎవర్ని పిలవను?"

సుభాషిణి నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎవరి సంగతి వాళ్ళని అడక్కు. పక్కవాళ్ళకెలా ఉందో అడుగు."

యంత్రం అడిగింది. మూలుగులు ఆగిపోయాయి. ఇరవై చేతులు లేచి ఒకే మనిషిని చూపించాయి. కాలికి గాజుపెంకు దిగి చీము పట్టినా, బూటులో దూది కుక్కుకుని, నాలుగు రోజులుగా అందరికీ కట్లు కడుతున్న నూకరత్నాన్ని. ఆమెకి కంకణం తొడగాలని ఎవరికీ తోచలేదు.

"అయ్యో, నాకేం..." అనబోయి, నూకరత్నం నోరు మూసుకుంది. అప్పటికే యంత్రం తలుపు తెరిచేసింది.